ఈ-ప్రభుత్వ సేవల్లో సమాచార భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

జనన ధ్రువీకరణ పత్రం, భూమి రికార్డు, పింఛను, ఓటరు జాబితా అన్నీ కంప్యూటర్లలోకి చేరిపోయాయి. ధనిక దేశాలు నలభై, యాభై ఏళ్లలో నెమ్మదిగా చేసిన ఈ మార్పును వర్ధమాన దేశాలు పదేళ్లలో చేస్తున్నాయి. ఆ వేగం మంచిదే, జనానికి తిరుగుడు తగ్గింది. కానీ ఆ హడావుడిలో భద్రత వెనకబడిపోవడం చూస్తుంటే బాధేస్తుంది. శాఖల్లో అధికారులు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, సేవలు వాడుకునే మామూలు జనం ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

సమాచార భద్రత అంటే హ్యాకర్లను ఆపడమేనా?

అది అందులో ఒక భాగం. ఈ రంగంలో గోప్యత, సమగ్రత, లభ్యత అని మూడు మాటలు వాడతారు. మాటలు బరువుగా ఉన్నా విషయం తేలికే. నా వివరాలు సంబంధం లేనివాళ్ల కంట పడకూడదు. నా రికార్డును ఎవరూ చెప్పాపెట్టకుండా మార్చకూడదు. నాకు అవసరమైన రోజున సేవ పనిచేయాలి.

వార్తల్లోకి ఎక్కేది మొదటిదే, డేటా లీకైందని. నన్నడిగితే రెండోదే ఎక్కువ భయపెట్టే విషయం. కాగితం రిజిస్టరులో పేరు మారిస్తే కొట్టివేత కనిపిస్తుంది, సిరాలో తేడా తెలిసిపోతుంది. డేటాబేస్‌లో భూమి యజమాని పేరు మార్చేస్తే కొత్త పేరు కూడా మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దానంతటదే నమోదయ్యే లాగ్ ఉండాలి. డేటాబేస్ నడిపే మనిషికి ఆ లాగ్‌ను చెరిపే అధికారం ఉండకూడదు. చాలాచోట్ల లాగ్ ఉంటుంది కానీ అదే సర్వర్‌లో, అదే అడ్మిన్ చేతిలో ఉంటుంది. అలాంటి లాగ్ ఉన్నా లేనట్టే.

ముందు సేవ మొదలుపెట్టేసి, భద్రత సంగతి తర్వాత చూసుకోకూడదా?

అల్బేనియాలో ఏం జరిగిందో చూడండి. 2022 మేలో అక్కడి ప్రభుత్వం చాలా సేవలకు కౌంటర్లు మూసేసి, ఈ-అల్బేనియా పోర్టల్ ద్వారా మాత్రమే దరఖాస్తు చేసుకోవాలంది. జూలైలో సైబర్ దాడి జరిగి ఆ పోర్టల్‌తో పాటు ఇతర ప్రభుత్వ వెబ్‌సైట్లూ ఆగిపోయాయి. అప్పటికి కౌంటర్లు లేవు. తర్వాత అమెరికా సంస్థలు దర్యాప్తు చేసి, దాడి చేసినవాళ్లు సుమారు 14 నెలల ముందే నెట్‌వర్క్‌లోకి చొరబడ్డారని తేల్చాయి. వాళ్లు దూరిన దారి, కార్యాలయాల్లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే షేర్‌పాయింట్ సాఫ్ట్‌వేర్‌లో 2019లోనే బయటపడిన లోపం. దాన్ని సరిచేసే ప్యాచ్ కూడా ఉంది. అంటే జనాన్ని పోర్టల్ వైపు మళ్లించే రోజుకే దొంగ ఇంట్లో ఉన్నాడు. ఈ దాడికి ఇరానే కారణమంటూ అదే ఏడాది సెప్టెంబరులో అల్బేనియా ఆ దేశంతో దౌత్య సంబంధాలు తెంచుకుంది.

ఇక డిజైన్ సంగతి. కొన్ని భద్రతా పనులు తర్వాతైనా చేయొచ్చు. సర్వర్‌కు ప్యాచ్ వేయడం, బయటి నుంచి వచ్చే అక్కర్లేని రాకపోకలను ఆపే ఫైర్‌వాల్ పెట్టడం లాంటివి ఎప్పుడైనా కుదురుతాయి. కొన్ని మాత్రం మొదటి రోజే తేలిపోవాలి. పౌరుడి గుర్తింపు సంఖ్యనే అన్ని డేటాబేస్‌లలో రికార్డులను కలిపే తాళంచెవిగా వాడి, అదే సంఖ్యను ప్రతి రసీదు మీదా ముద్రించారనుకోండి. పదేళ్ల తర్వాత ఆ సంఖ్య రహస్యమని ఎవరంటే మాత్రం ఏం లాభం? ఏ ఉద్యోగి ఏ రికార్డు చూడొచ్చన్న హద్దులూ ఇలాంటివే. అందరికీ అన్నీ కనిపించేలా సాఫ్ట్‌వేర్ కట్టేశాక హద్దులు గీయాలంటే సగం కోడ్ మళ్లీ రాయాలి. బడ్జెట్ అయిపోయాక ఆ పని ఎవరూ చేయరు.

ప్రైవేటు వెబ్‌సైట్లకు లేని ప్రత్యేక జాగ్రత్త ప్రభుత్వ సేవలకెందుకు?

షాపింగ్ వెబ్‌సైట్ నచ్చకపోతే ఖాతా మూసేసి ఇంకో దానికి పోవచ్చు. ప్రభుత్వం విషయంలో ఆ వెసులుబాటు లేదు. పుట్టిన బిడ్డ పేరు నమోదు చేయించడానికి ఇంకో ప్రభుత్వం దగ్గరికి వెళ్లలేం. వివరాలు ఇవ్వను అనే హక్కు కూడా చాలా సందర్భాల్లో ఉండదు. బలవంతంగా తీసుకున్నదాన్ని కాపాడాల్సిన బాధ్యత తీసుకున్నవాళ్లదే. ఈ పేజీలో నేను చెప్పే ప్రతిదానికీ ఆధారం ఈ ఒక్క విషయమే.

మా దగ్గర డబ్బు లేదు, నిపుణులు లేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక పట్టికతో మొదలుపెట్టండి. మీ శాఖకు ఎన్ని సర్వర్లు, ఎన్ని వెబ్‌సైట్లు ఉన్నాయి, ఒక్కో దాన్ని ఎవరు చూసుకుంటున్నారు, అందులో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ నడుస్తోంది? చాలా కార్యాలయాల్లో ఈ నాలుగింటికి జవాబు దొరకదు. ఎప్పుడో ఒక పథకం కోసం పెట్టిన సైట్, ఆ పథకం ముగిసినా, పెట్టినవాళ్లు బదిలీ అయిపోయినా, అలాగే నడుస్తూ ఉంటుంది. దొంగలకు అదే దొడ్డిదారి. ఈ పట్టికకు పైసా ఖర్చు లేదు, ఓపిక ఉంటే చాలు.

తర్వాత, అడ్మిన్ లాగిన్లన్నింటికీ పాస్‌వర్డ్‌తో పాటు, ఫోన్ యాప్‌లో కనిపించే కోడ్ లాంటి రెండో ధ్రువీకరణ పెట్టండి. మొత్తం సిబ్బందికి ఒకేసారి పెట్టలేకపోతే అడ్మిన్లతో మొదలుపెట్టండి. ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న ప్రతి సర్వర్‌కూ ప్యాచ్‌లు వేసే బాధ్యతను ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి. వెబ్‌సైట్లన్నీ, పంపే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేకుండా చేసే హెచ్‌టీటీపీఎస్ మీదే నడవాలి. అందుకు కావాల్సిన సర్టిఫికెట్లకు డబ్బు లేదన్న మాట ఇప్పుడు చెల్లదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరి నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఆ తర్వాత బ్యాకప్. దాని గురించి విడిగా చెప్పాలి.

ఖరీదైన పరికరాలు అమ్మేవాళ్లు ఈ దశలోనే తలుపు తడతారు. కొనకండి. చూసుకునే మనిషి లేకుండా కొన్న భద్రతా పరికరం మూలన దుమ్ముపట్టి పోతుంది, ఒక్కోసారి అదే ప్యాచ్ లేని ఇంకో యంత్రంగా మిగులుతుంది. ఆ డబ్బుతో ఇద్దరు కుర్రాళ్లకు శిక్షణ ఇప్పించి, రెండేళ్లు కదలకుండా ఉండేలా జీతం ఇవ్వండి.

మాకు బ్యాకప్ ఉంది. అది చాలదా?

శ్రీలంక ప్రభుత్వానికి కూడా ఉండేది. 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ క్లౌడ్ (శాఖలన్నీ ఇంటర్నెట్ ద్వారా వాడుకునే సర్వర్లు) మీద, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. సర్వర్‌తో పాటు దానికి కలిపి ఉన్న ఆన్‌లైన్ బ్యాకప్ కూడా ఎన్‌క్రిప్ట్ అయిపోయింది, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలోకి మారిపోయింది. నెట్‌వర్క్‌కు సంబంధం లేకుండా విడిగా ఉంచిన కాపీ లేదు. మే నెల మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా వచ్చిన ప్రభుత్వ ఈమెయిళ్లు పోయాయి. ఆ మెయిల్ వ్యవస్థ నడుస్తున్నది మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ పాత వెర్షన్ మీద.

2024 జూన్‌లో ఇండోనేషియాలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. తాత్కాలిక జాతీయ డేటా సెంటర్ మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగి 200కు పైగా ప్రభుత్వ సంస్థల సేవలు దెబ్బతిన్నాయి. విమానాశ్రయాల్లో ఇమిగ్రేషన్ దగ్గర బారులు తీరారు. దాడి చేసినవాళ్లు 80 లక్షల డాలర్లు అడిగితే ప్రభుత్వం ఇవ్వనంది. అప్పుడు బయటపడిన అసలు విషయం, ఆ కేంద్రంలోని డేటాలో చాలా భాగానికి బ్యాకప్పే లేదు. బ్యాకప్ సౌకర్యం ఉంది, కానీ తీసుకోవడం, మానుకోవడం ఆయా సంస్థల ఇష్టానికి వదిలేశారు. బడ్జెట్ లేక చాలామంది తీసుకోలేదు. చివరికి దాడి చేసినవాళ్లే క్షమాపణ చెప్పి తాళంచెవి ఉచితంగా ఇచ్చారు. ప్రతిసారీ అలా జరుగుతుందని ఆశపడలేం.

కాబట్టి కనీసం ఒక కాపీ నెట్‌వర్క్‌కు తగలకుండా ఉండాలి. మామూలు అడ్మిన్ పాస్‌వర్డ్‌తో దాన్ని చెరపలేని ఏర్పాటు ఉండాలి. మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి నిజంగా ఒక డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టి, ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకోండి. బ్యాకప్ ఫైళ్లు రోజూ తయారవుతూనే ఉండి, తెరిచి చూస్తే ఖాళీగా ఉన్న సందర్భం నేను చూశాను. రెండేళ్లుగా ఎవరూ తెరవలేదు. ఆ గదిలో ఆ రోజు ఎవరికీ నోట మాట రాలేదు.

డేటా లీకైందంటే ఎవరో హ్యాక్ చేసినట్టేనా?

చాలాసార్లు హ్యాక్ చేయాల్సిన అవసరమే ఉండదు. 2023లో బంగ్లాదేశ్‌లో ఒక ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి కోట్ల మంది పౌరుల పేర్లు, ఫోన్ నంబర్లు, గుర్తింపు సంఖ్యలు బయటికి కనిపించాయి. ఎవరూ హ్యాక్ చేయలేదు, వెబ్‌సైట్ బలహీనతే కారణమని అక్కడి మంత్రే చెప్పారు.

ఇలాంటివి ఎలా జరుగుతాయో ఉదాహరణతో చెబుతాను. మీ దరఖాస్తు స్థితి చూసే పేజీ చిరునామా చివర్లో 10452 అని ఉందనుకోండి. దాన్ని 10453 చేసి ఎంటర్ నొక్కితే పక్కవాళ్ల దరఖాస్తు తెరుచుకుంటే, ఆ సైట్‌కు తాళం లేనట్టే. లాగిన్ అయ్యారా లేదా అని మాత్రమే చూసి, ఈ రికార్డు ఈ మనిషిదేనా అని చూడకపోవడం ఇక్కడి తప్పు. వెబ్ లోపాలపై ఓవాస్ప్ సంస్థ ప్రకటించే టాప్ టెన్ జాబితాలో 2021లో మొదటి స్థానం ఈ కోవకు చెందిన లోపాలదే. ఇది పట్టుకోవడానికి పెద్ద నిపుణులు అక్కర్లేదు. రెండు పరీక్ష ఖాతాలు తెరిచి, ఒకదాని రికార్డు రెండోదాని నుంచి తెరవడానికి ప్రయత్నిస్తే చాలు. ప్రతి కొత్త పేజీకీ, ప్రతి ఏపీఐకీ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాని నుంచి సమాచారం తీసుకునే దారి) ఈ పరీక్ష చేయకుండా విడుదల చేయకూడదు.

పరీక్షల కోసం నిజమైన పౌరుల డేటాను టెస్ట్ సర్వర్‌లోకి కాపీ చేసే అలవాటు కూడా ఇలాంటిదే. అసలు సర్వర్‌కు కాపలా పెడతారు, టెస్ట్ సర్వర్‌ను గాలికి వదిలేస్తారు. రెండింట్లో ఉన్నది ఒకే డేటా.

ఎంత డేటా సేకరించాలి? ఎప్పటికైనా పనికొస్తుందని అన్నీ తీసుకోవచ్చా?

సేవకు ఏది లేకపోతే పని జరగదో అదే తీసుకోండి. దరఖాస్తు ఫారంలోని ప్రతి గడి పక్కనా అది ఏ నిర్ణయానికి కావాలో ఒక వాక్యం రాయమని శాఖను అడగండి. రాయలేకపోతే ఆ గడి తీసేయాలి. 20 ఏళ్లు పైబడ్డారా అని తెలిస్తే చాలు అన్నచోట పుట్టిన తేదీ దాచుకోవడం ఎందుకు?

వేలిముద్ర, కనుపాప లాంటి బయోమెట్రిక్స్ విషయంలో ఇంకా గట్టిగా ఆలోచించాలి. 2016లో ఫిలిప్పీన్స్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్ నుంచి సుమారు 5.5 కోట్ల మంది ఓటర్ల వివరాలు బయటపడ్డాయి. అందులో వేలిముద్రలకు సంబంధించిన సమాచారం కూడా ఉందని ఒక భద్రతా సంస్థ విశ్లేషణలో తేలింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలిముద్రను ఎలా మార్చుకుంటాం? అఫ్గానిస్థాన్‌లో విదేశీ సాయంతో ఏళ్ల తరబడి పోగుచేసిన బయోమెట్రిక్ సమాచారం 2021 ఆగస్టు తర్వాత తాలిబన్ల చేతికి చిక్కుతుందని, పాత ప్రభుత్వంలో పనిచేసినవాళ్లు ప్రాణభయంతో వణికిపోయారు. ఈ రోజు నమ్మకస్థుల చేతిలో ఉన్న డేటా రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు. సేకరించే ముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

పౌరుల లాగిన్‌కు ఓటీపీ పెట్టాం. అది సరిపోతుందా?

ఫోన్ ఆ మనిషి చేతిలోనే ఉంటుందన్న నమ్మకం మీద ఓటీపీ నడుస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉన్నచోట ఆ నమ్మకం నిలబడదు. రీఛార్జ్ చేయక ఆగిపోయిన నంబరును కంపెనీలు కొన్నాళ్లకు ఇంకొకరికి ఇస్తాయి, ముసలాయన పింఛను ఓటీపీ ఎవరికో వెళ్తుంది. ఇతరుల నంబరును తమ సిమ్‌కు మార్పించుకునే సిమ్ మోసాలు సరేసరి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 మార్గదర్శకాల్లోనే ఎస్ఎంఎస్ ఓటీపీని పరిమితంగా వాడాల్సిన పద్ధతుల్లో చేర్చింది.

ఇక అసలు చిక్కు. చదవడం రాని, స్మార్ట్‌ఫోన్ లేని పౌరుడు ఎవరినో ఒకరిని సాయం అడుగుతాడు. పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ ఆ సాయం చేసే మనిషికే చెప్పేస్తాడు. "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు" అని పోస్టర్ అంటిస్తే ఇది ఆగదు, ఎందుకంటే చెప్పకపోతే ఆయనకు సేవ అందదు. తప్పు డిజైన్‌ది. సహాయకులకు వాళ్ల సొంత లాగిన్ ఇచ్చి, ఎవరి తరఫున ఏ పని చేశారో లాగ్‌లో పడేలా చేయాలి. ఒక పనికి ఇచ్చిన అనుమతి ఆ పనితోనే ముగియాలి. ఓటీపీ సందేశంలో అంకెలు మాత్రమే కాకుండా "ఇది మీ పింఛను బ్యాంకు ఖాతా మార్చడానికి" అని స్థానిక భాషలో ఉండాలి. ఖాతా మార్పు లాంటి పెద్ద పనులకు కొన్ని రోజుల వ్యవధి పెట్టి, పాత నంబరుకు కూడా కబురు పంపాలి.

ఉద్యోగులంతా ఒకే లాగిన్ వాడుతున్నారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఏం చేయాలి?

వాళ్లను తిట్టే ముందు, కొత్తగా చేరిన ఉద్యోగికి సొంత లాగిన్ రావడానికి ఎన్ని రోజులు పడుతోందో చూడండి. మూడు వారాలు పడితే, ఆ మూడు వారాలు కౌంటర్ ముందు జనం ఆగరు కదా. పక్క సీటు వాళ్ల లాగిన్‌తో పని మొదలవుతుంది, తర్వాత అదే అలవాటవుతుంది. లాగిన్ ఒక్క రోజులో వచ్చేలా చేస్తే సగం సమస్య తీరుతుంది. బదిలీ, పదవీ విరమణ జరిగిన రోజే లాగిన్ మూతపడాలి. నెలకోసారి జీతాల జాబితాను లాగిన్ల జాబితాతో సరిపోల్చితే, వెళ్లిపోయినవాళ్ల ఖాతాలు ఎన్ని బతికి ఉన్నాయో తెలిసిపోతుంది.

నెలనెలా పాస్‌వర్డ్ మార్చాలన్న నిబంధన ఉంటే తీసేయండి. దాన్ని తప్పనిసరి చేయొద్దని నిస్ట్ 2017 నుంచీ చెబుతోంది. ఆ నిబంధన వల్ల జరిగేది పాస్‌వర్డ్ చివర అంకె మారడం, దాన్ని కాగితం మీద రాసి మానిటర్‌కు అతికించడం.

సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులో ఏం రాయాలి?

నిజానికి భద్రత నిర్ణయమయ్యేది టెండర్ పత్రంలోనే. అందులో లేనిది తర్వాత అడిగితే అదనపు డబ్బు అడుగుతారు. ప్రమాదకరమైన లోపం బయటపడ్డాక ఎన్ని రోజుల్లో సరిచేయాలో అంకె వేసి రాయండి. బయటి బృందంతో పరీక్ష చేయించే హక్కు మీకు ఉండాలి, ఆ పరీక్షలో దొరికిన లోపాలు సరిచేసేదాకా చివరి వాయిదా చెల్లించకూడదు. సోర్స్ కోడ్, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, డొమైన్ పేరు శాఖ పేరు మీదే ఉండాలి. డొమైన్ వెండర్ పేరు మీద ఉంటే, ఒప్పందం ముగిసిన రోజున మీ వెబ్‌సైట్ మీది కాదు. నిర్వహణకు ఐదేళ్ల డబ్బు మొదటి బడ్జెట్‌లోనే పెట్టండి. దాతల నిధులతో కట్టిన వ్యవస్థల్లో ఎక్కువగా కనిపించే లోటు ఇదే. కట్టడానికి నిధులు వస్తాయి, కాపాడుకోవడానికి రావు.

ఓపెన్ సోర్స్ వాడితే ప్రమాదమా?

కాదు. బెంగళూరులోని ఐఐఐటీలో 2018లో మొదలైన మోసిప్ అనే ఓపెన్ సోర్స్ వేదిక మీద ఫిలిప్పీన్స్ వంటి దేశాలు తమ గుర్తింపు వ్యవస్థను నిర్మించుకున్నాయి. కోడ్ అందరికీ కనిపించడం వల్ల తప్పులు పట్టుకునే కళ్లు పెరుగుతాయి. అయితే ప్యాచ్ వేయాల్సిన పని మాత్రం మీదే. 2021 డిసెంబరులో, చాలా సాఫ్ట్‌వేర్లలో ఉండే లాగ్4జే అనే ఓపెన్ సోర్స్ భాగంలో లోపం బయటపడినప్పుడు, ఆ చిన్న భాగం తమ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవడానికే చాలా సంస్థలకు వారాలు పట్టింది.

క్లౌడా, సొంత డేటా సెంటరా?

మీ సొంత గదిలో రాత్రిపూట కరెంటు పోతే లేచి చూసుకునే మనిషి ఉన్నాడా? లేకపోతే క్లౌడే నయం. కానీ క్లౌడ్ సంస్థ చూసుకునేది యంత్రాలను, గది తాళాలను. మీరు డేటాను అందరికీ కనిపించేలా తెరిచిపెడితే వాళ్లు ఆపరు.

ఎవరో వచ్చి మా సైట్‌లో లోపం ఉందని చెప్పారు. కేసు పెట్టాలా?

వద్దు. ముందు కృతజ్ఞతలు చెప్పండి. బంగ్లాదేశ్ లీకును గమనించిన పరిశోధకుడు కూడా మొదట అక్కడి ప్రభుత్వ సైబర్ బృందాన్నే సంప్రదించాడు. చెప్పినవాళ్లను పోలీస్ స్టేషన్‌కు పిలిస్తే తర్వాతి మనిషి మీకు చెప్పడు, ఆ లోపం దొంగలకు మాత్రమే తెలిసి ఉంటుంది. లోపాలు ఎవరికి చెప్పాలో తెలిపే సెక్యూరిటీ.టీఎక్స్‌టీ (security.txt) అనే చిన్న ఫైలును సైట్‌లో పెట్టండి. 2022 నుంచి దానికి ఆర్ఎఫ్‌సీ 9116 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో రాసిన నిర్దిష్ట రూపం కూడా ఉంది. ఆ చిరునామాకు వచ్చే ఉత్తరాలను రోజూ చదివే మనిషి ఉండాలి.

దాడి జరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

జరగకముందే నిర్ణయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్వర్లు ఆపేయమనే అధికారం ఎవరిది? అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబర్లు కాగితం మీద ఉన్నాయా, లేక దాడికి గురైన ఆ సర్వర్‌లోనే ఉన్నాయా? కాగితంతో సేవ నడిపే పద్ధతి సిబ్బందికి గుర్తుందా?

కోస్టారికాలో 2022 ఏప్రిల్‌లో ఆర్థిక శాఖ మీద ర్యాన్సమ్‌వేర్ దాడితో పన్నుల, కస్టమ్స్ వ్యవస్థలు ఆగిపోయాయి. మే 8న పదవి చేపట్టిన రోజే కొత్త అధ్యక్షుడు రోడ్రిగో చావెస్ జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ఆ నెలాఖరుకు ఆరోగ్య సేవలు చూసే సామాజిక భద్రతా సంస్థ మీద ఇంకో దాడి జరిగింది, ఆసుపత్రులు కాగితాల మీదికి వెళ్లాయి. కాగితం మీద పనిచేయడం మరిచిపోకపోవడమూ భద్రతలో భాగమే. కెన్యాలో 2023 జూలైలో ఈ-సిటిజన్ పోర్టల్ మీద దాడి జరిగి ఈ-వీసాలు ఆగితే, వచ్చినవాళ్లకు అక్కడికక్కడే వీసా ఇచ్చారు.

జనానికి చెప్పే విషయంలో ఎస్టోనియాను చూసి నేర్చుకోవచ్చు. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చినప్పుడు అది ఏమంత ధనిక దేశం కాదు. 2017లో 7.5 లక్షలకు పైగా గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం ఉందని పరిశోధకులు చెప్పిన వారంలోపే ప్రభుత్వం ఆ విషయాన్ని బహిరంగంగా ప్రకటించింది. కొత్త సర్టిఫికెట్లు సిద్ధం చేసి, నవంబరులో పాతవాటిని నిలిపేసింది. ప్రజలు కార్డులు వాడటం మానలేదు. దాచిపెట్టి పత్రికల ద్వారా తెలిసి ఉంటే ఆ నమ్మకం మిగిలేది కాదు.

పౌరుడిగా నేనేం చేయగలను?

మీ రికార్డు ఎవరు చూశారో తెలుసుకునే సదుపాయం అడగండి. ఎస్టోనియాలో ప్రభుత్వ డేటాబేస్‌లను కలుపుతూ 2001 నుంచి నడుస్తున్న ఎక్స్-రోడ్ వ్యవస్థ మీద, తన వివరాలను ఏ సంస్థ ఎప్పుడు చూసిందో పౌరుడు ఇంటి నుంచే చూసుకోవచ్చు. కారణం లేకుండా చూసిన ఉద్యోగి సంజాయిషీ చెప్పుకోవాలి. మీ దేశంలో సమాచార హక్కు, డేటా రక్షణ చట్టాలు ఉంటే వాటి కింద దరఖాస్తు పెట్టండి. మీ దగ్గర తీసుకున్న వివరాలు ఎంతకాలం ఉంచుతారు, ఎవరితో పంచుకుంటారు అని రాతపూర్వకంగా అడగండి. మొదటి ఉత్తరానికి జవాబు రాకపోవచ్చు. రెండోది రాయండి, తేదీ వేసి కాపీ దగ్గర ఉంచుకోండి.